పక్క బిల్డింగ్‌లో పెట్టిన ప్రస్థానం

సూరత్ నుంచి హైదరాబాద్‌కు విమానంలో గంటన్నర. ఈ సంగతి మా ఆయన రామలింగేశ్వరరావుగారు మేముండే ఉధ్నా పేటలోని తెలుగువాళ్లందరికీ, తన బ్యాంకులోని గుజరాతీలందరికీ ఫోన్ చేసి మరీ చెప్పారు. విమానం ఆయనే కనిపెట్టినట్టు.

వెళ్లాల్సింది మాత్రం నేను. అక్కడ మా అమ్మాయి ఇందుజకు తొలి కాన్పు. అల్లుడు వంశీధర్ కరోనాతో వేరే గదిలో పడున్నాడు. ఆసుపత్రిలో తోడుగా ఒక్కరినే రానిస్తారట. నేను చేరకపోతే పిల్ల ఒంటరిగా కనాలి. అది తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

టికెట్ శనివారానికే దొరికింది. శనివారం తూర్పుకు వారశూల, అటు ప్రయాణం కూడదు; మాకు హైదరాబాద్ తూర్పే. ఈయన పంచాంగం మూసి, "ప్రస్థానం పెడదాం" అన్నారు. మంచిరోజున మన సామాను ఇంకొకరింట్లో పెడితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. శూలను అలా మోసం చేయొచ్చట. నాకు నమ్మకం లేదు. కాన్పు విషయంలో పంతానికి పోయే ధైర్యమూ లేదు.

శుక్రవారం సూట్‌కేసు తీసుకెళ్లి పక్క బిల్డింగ్‌లో వజ్రమ్మగారింట్లో పెట్టొచ్చారు. మనిషికి గుర్తుగా ఉండాలని నా హ్యాండ్‌బ్యాగు కూడా పెట్టారు. ఆధార్ కార్డు, టికెట్, కరోనా లేదన్న రిపోర్టు, అన్నీ అందులోనే.

మర్నాడు నైటీలో కాఫీ తాగుతుంటే వజ్రమ్మగారు ఫోన్ చేశారు.

"లలితగారూ, మా పైవాళ్లకెవరికో వచ్చిందటండీ. గేటుకు వెదురు కర్రలు కట్టేశారు. ఎవర్నీ రానివ్వరు, పోనివ్వరు."

చున్నీ కప్పుకుని పరుగెత్తాను. వెనకాలే ఈయన. వాచ్‌మన్ లాఠీ అడ్డంపెట్టి, "బెన్, అందర్ నహీ జానే కా" అంటూ లోపలికి పోనివ్వలేదు. వజ్రమ్మగారు బాల్కనీలోంచి కూరగాయల బుట్టను తాడుతో దించారు. అందులో సూట్‌కేసు పట్టదు కదా, హ్యాండ్‌బ్యాగు ఒక్కటే దిగింది. దాన్ని చంకన పెట్టుకుని ఇంటివైపు తిరిగాను.

ఈయన చేతులు చాచి దారికి అడ్డం నిలబడ్డారు. "ఇంట్లోకి తేకే! ప్రస్థానం వెనక్కొస్తే ప్రయాణం చెడుతుంది."

"బట్టలు మార్చుకోవద్దూ?"

"అదే ఆలోచిస్తున్నా..."

"మీ పంచాంగం తగలెయ్య! ఆలోచిస్తూ ఉండండి. నేనిలాగే పోతున్నా."

వచ్చే ఆటోను ఆపి ఎక్కేశాను. ఆయన ఇంకా చేతులు చాచుకునే ఉన్నారు.

విమానంలో నాది మధ్య సీటు. ఆ సీటువాళ్లకు ఒళ్లంతా కప్పే తెల్లగౌను ఇచ్చారు. నైటీ మాయమైంది. పక్కాయన నన్ను డాక్టరనుకుని తన బీపీ గురించి చెప్పుకున్నాడు. ఉప్పు తగ్గించమన్నాను.

అదే గౌనుతో ఆసుపత్రిలో దిగాను. గౌను విప్పగానే ఇందుజ నొప్పులు పడుతూనే, "అమ్మా, నైటీలో వచ్చేశావా!" అని నవ్వింది. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుని భోరుమంది. నాకూ ఏడుపు ఆగలేదు.

మనవరాలు పుట్టిందని ఫోన్ చేస్తే ఈయన మొదటి మాట, "ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు? జాతకం రాయించాలి."

"గడియారం చూడలేదండీ. అమ్మాయి నా చెయ్యి వదిలితేగా."

అవతల పంచాంగం మూసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయి ఎలా ఉందే?" అన్నారు.