బెత్తెడు దూరం

చాపల అతుకుల్లో చెమట ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని దాన్ని పాత పళ్లబ్రష్‌తో గీకి, తడిగుడ్డతో తుడిచి, వెనకే పొడిగుడ్డ వేస్తూ వస్తోంది. తడి మిగిలితే కాలు జారుతుంది. మొత్తం నూట ఇరవై రబ్బరు చాపలు. ఐదింటికి మొదలుపెడితే ఆరుంపావుకి అవుతుంది. పంతొమ్మిదేళ్లుగా అంతే పడుతోంది. ఇవాళ ఆరు కొట్టకముందే అయిపోయింది. గడియారం చూసి, తాను పరిగెత్తుతున్నట్టు పని చేసిందని ఆమెకి అప్పుడు తెలిసింది. ఇవాళ పోటీ.

తైక్వాండో నేర్పే ఆ హాలు టైర్ల గోడౌన్ పైన రెండో అంతస్తులో ఉంది. ఆమె తుడిచే పనికే చేరింది. రెండో నెలలో ప్యాడ్ పట్టే మనిషి చెప్పాపెట్టకుండా మానేశాడు. మాస్టారు అటూ ఇటూ చూసి, చీపురు పక్కన పెట్టి ఇలా రమ్మన్నారు. ఆ రోజు నుంచి రెండు పనులూ ఆమెవే. పిల్లలు ఆమెని ప్యాడత్త అంటారు. ఆ పిల్లల తాతలు కూడా ప్యాడత్త అనే అంటారు.

ప్యాడ్ అంటే పిడికి అమర్చిన రెండు తోలు అట్టలు, ఒకదాని మీద ఒకటి. కాలు తగిలితే రెండూ కొట్టుకుని మోగుతాయి. ఊరికే పట్టుకుంటే టప్ మంటుంది, అంతే. మోగించడానికి ఒక పద్ధతి ఉంది. కాలు గాల్లో ఉండగానే మణికట్టు బెత్తెడు ముందుకు పోయి దానికి ఎదురెళ్లాలి. అప్పుడు చప్పుడు కింద టైర్ల వాళ్లకి కూడా వినిపిస్తుంది. ఆ సంగతి మాస్టారు మొదటి వారంలోనే నేర్పారు. చప్పుడు వింటే పిల్లలకి హుషారు, గుమ్మంలో నిలబడ్డ తల్లిదండ్రులకి నమ్మకం. ఒకసారి ఒక తండ్రి కొడుకు కిక్ విని, వీడిది ఏనుగు బలమని కళ్లు తుడుచుకున్నాడు. కొడుకు బరువు ఇరవై ఒక్క కిలోలు.

రెండేళ్లు గడిచాక ఆ పని ఆమె ఆలోచించి చేయడం మానేసింది. చెయ్యి దానంతట అదే వెళ్లేది. ఇప్పుడు ఆ కుడి మణికట్టు తడిబట్ట పిండలేదు. ఇంట్లో బట్టలు ఆమె భర్త పిండుతాడు. ఊళ్లో పిల్లలందరి చేతా తన్నులు తిని రావడానికి జీతమిచ్చే కొలువు లోకంలో నీ ఒక్కదానికే దొరికిందని పిండుతూ అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ప్యాడ్ మోగించడంలో తనని మించిన మనిషి చుట్టుపక్కల లేదని ఆమెకి తెలుసు.

ఆరుంపావుకి మిడత మెట్లెక్కి వచ్చింది. నిలబడమంటే నిలబడదు కాబట్టి మాస్టారు పెట్టిన పేరు. మందుల కంపెనీలో సీసాలకి లేబుళ్లు అంటిస్తుంది. మూడేళ్లుగా పనికి వెళ్లేముందు ఇక్కడికి వస్తోంది. ఇవాళ గెలిచిన మనిషిని శిక్షణ శిబిరానికి తీసుకెళతారు. రెండేళ్లు తిండి, బస, ఆ తర్వాత ఉద్యోగం. ఓడిన మనిషికి పతకం, ఒక ఫొటో. ఇరవై నిండితే శిబిరంలో చేర్చుకోరు. మిడతకి వచ్చే నెల ఇరవై నిండుతాయి.

"రాత్రంతా నిద్రలో తంతూనే ఉన్నానంట ప్యాడత్తా. మా అక్క దుప్పటి తీసుకుని వంటింట్లోకి పోయింది" అంది మిడత, గార్డులు కట్టుకుంటూ.

ముప్ఫై కిక్‌లు వేసింది. ముప్ఫయ్యీ మోగాయి. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని వింటూ నిలబడ్డారు. చూడలేదు, విన్నారు. ఈ కాలికి అడ్డొచ్చే మనిషి ఇంకా పుట్టలేదన్నారు.

పోటీ జరిగే స్టేడియం నాలుగు స్టాపుల అవతల ఉంది. ముగ్గురూ సిటీ బస్సులో వెళ్లారు. నీళ్లందించే మనిషిగా ఆమెకి కూడా మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. ఆమె దాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుంది.

ఇంతకుముందు మిడత ఆడిన పోటీల్లో నలుగురు జడ్జీలు నాలుగు మూలల కూర్చుని, కళ్లతో చూసి మీట నొక్కేవారు. ఈసారి యంత్రం. మేజోళ్లలో ఒక పరికరం, ఛాతీ గార్డులో ఇంకొకటి. పాదం మీది భాగం గార్డుకి తగలాలి, తగినంత దెబ్బ పడాలి. అప్పుడే బోర్డు మీద అంకె మారుతుంది. ఛాతీకి రెండు పాయింట్లు, తలకి మూడు. తలకి అంత దెబ్బ అక్కర్లేదు, తాకితే చాలు. రెండేసి నిమిషాల రౌండ్లు మూడు, అందులో రెండు గెలిచిన వాళ్లది ఆట.

మిడత మొదటి రెండు ఆటలూ తలకి తన్నే గెలిచింది. ఛాతీ మీద వేసిన కిక్‌లకి బోర్డు మారలేదన్న సంగతి గెలిచిన సంబరంలో ఎవరూ పట్టించుకోలేదు. ఫైనల్లో ఎర్ర గార్డు వేసుకుని వచ్చిన అమ్మాయి మిడత కన్నా జానెడు పొడుగు. ఆ తల అందదు.

ఫైనల్ మొదలైంది. మిడత కుడికాలు వెళ్లింది. చప్పుడైంది. బోర్డు మీద సున్నా. మళ్లీ వెళ్లింది. మళ్లీ చప్పుడు, మళ్లీ సున్నా. మాస్టారు కుర్చీ అంచుకి జరిగి "బలంగా, ఇంకా బలంగా" అని అరిచారు. మిడత నడుం తిప్పి, ఉన్నదంతా పెట్టి తన్నింది. పాదం వేళ్లు గార్డుని గీరుకుంటూ పోయాయి. ఆ ఊపుకి తనే కింద పడింది. పడినందుకు ఎర్ర గార్డుకి ఒక పాయింటు. లేచి నిలదొక్కుకునేలోపు తలకి ఒకటి పడింది, మూడు. ఛాతీకి ఇంకొకటి, దానికి రెండు. మిడత మొత్తం పదకొండు కిక్‌లు వేసింది. ఆరు, సున్నాతో రౌండ్ పోయింది.

అడ్డుగోడ వెనక బల్ల మీద కూర్చున్న ఆమె బోర్డు చూడటం లేదు. తన చేతిని చూసుకుంటోంది. మిడత కాలు లేచిన ప్రతిసారీ ఆ చెయ్యి ఒళ్లోంచి లేచి బెత్తెడు ముందుకి పోతోంది. నాలుగోసారి ఆమె దాన్ని రెండో చేత్తో పట్టుకుంది. అప్పుడు మ్యాట్ వైపు చూసింది. మిడత పాదం మీది భాగానికీ ఎర్ర గార్డుకీ మధ్య అంతే దూరం ఉంది, వేళ్ల కొసలే తగిలి చప్పుడవుతోంది.

మూడేళ్లుగా ఆ పిల్ల ఎక్కడ నిలబడి తన్నాలో నేర్చుకున్నది ఈ చేతిని బట్టి. మిగతా బెత్తెడూ ఈ చెయ్యే ఎదురొచ్చి కలిపేది. ఎదుటి మనిషి అలా రాదు.

విరామం ఒక్క నిమిషం. గార్డు పాడైందంటూ మాస్టారు యంత్రం పెట్టిన టేబుల్ దగ్గరికి పోయి గొడవకి దిగారు. అక్కడి మనిషి పరికరం ఉన్న మేజోడు చేతికి తొడుక్కుని వచ్చి మిడత ఛాతీ గార్డు మీదా, ఎర్ర గార్డు మీదా అరచేత్తో ఒక్కటేసి కొట్టాడు. రెండుసార్లూ అంకె వెలిగింది.

ఆమె నీళ్ల సీసా తీసుకుని లోపలికి వెళ్లింది. నలభై సెకన్లున్నాయి. చెబితే ఈ పిల్లకి ఉన్న ధైర్యం కూడా పోవచ్చు. చెప్పకపోతే ఇంకో పదకొండు కిక్‌లు గాల్లో పోతాయి. మాస్టారు చెవిన పడితే రేపటి నుంచి తనకి చీపురు మాత్రమే మిగలొచ్చు. ఆమె సీసా మూత తీసింది.

"మిడతా, విను. హాల్లో మోగేది నీ కాలు కాదే. నా చెయ్యి. నువ్వు తన్నేలోపు ప్యాడ్‌ని నేనే ముందుకి తెచ్చి కొట్టేదాన్ని."

మిడత నీళ్లు మింగకుండా ఆమె మొహం చూసింది.

"నువ్వు బెత్తెడు దూరంలో ఆగిపోతున్నావు. ఎడమ పాదం బెత్తెడు లోపల వేసి తన్ను. గట్టిగా వద్దు. మామూలుగా తన్ను, చాలు."

"ఇప్పుడా చెప్పేది?" అంది మిడత, నీళ్లు ఉమ్మేసి.

"ఇప్పుడే తెలిసింది."

మిడత లేచి మ్యాట్ మీదికి పోయింది. ఆ పిల్ల వీపు చూస్తే కోపమో భయమో ఆమెకి అర్థం కాలేదు.

రెండో రౌండ్‌లో మొదటి కిక్ పాత చోటు నుంచే వెళ్లింది. సున్నా. రెండోసారి మిడత మరీ లోపలికి దూరింది. ఇద్దరూ భుజాలు ఆనించుకుని ఇరుక్కుపోయారు, రిఫరీ విడదీశాడు. ఎర్ర గార్డు కాలు తలకి తగిలింది. మూడు, సున్నా. మిడత వెనక్కి వచ్చి, చిన్నగా గెంతుతూ, ఒకసారి కిందికి, తన ఎడమ పాదం వైపు చూసుకుంది. ఆ పాదం ముందుకి జరిగింది. కుడికాలు వెళ్లి వచ్చింది. చప్పుడు దాదాపు లేదు, చెయ్యి తొడ మీద వేసుకున్నంత. బోర్డు మీద రెండు వెలిగింది.

గ్యాలరీలో ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు. ఆమెకి తెలిసింది. ఆమె లేచి నిలబడింది. వెనక వాళ్లు కూర్చోమన్నారు. కూర్చుని, మళ్లీ లేచింది.

నాలుగు. ఎర్ర గార్డు అమ్మాయి వెనక్కి జరగడం మొదలుపెట్టింది. జరిగిన ప్రతిసారీ మిడత ఎడమ పాదం అంతే దూరం వెంట వెళ్లింది. ఆరు. బెత్తెడు లోపలికి వచ్చేసరికి ఆ పొడుగు కాళ్లకి తిరిగే చోటు లేకపోయింది. ఆరు, మూడుతో రౌండ్ మిడతది. మాస్టారు కుర్చీలోంచి లేచి, తాను చెప్పినట్టు ఇప్పుడు బలం పెట్టిందని పక్క కోచ్‌కి చెప్పారు.

మూడో రౌండ్‌లో పాయింట్లు ఒరుసుకుంటూ వచ్చాయి. ఎర్ర గార్డు రెండు, మిడత రెండు. మిడత పిడిగుద్దు ఛాతీకి తగిలింది, గుద్దుకి మాత్రం ఇంకా జడ్జీలే మీట నొక్కుతారు, ఒకటి. ఎర్ర గార్డు ఇంకో రెండు. నాలుగు, మూడు. అప్పుడు మిడత కుడి పాదం ఎదుటి మోచేతి ఎముకకి కొట్టుకుంది. ఆ చప్పుడు మాత్రం స్టేడియమంతా వినిపించింది, బోర్డుకి తప్ప. మిడత ఒంటికాలి మీద రెండు గెంతులు వేసింది. ఇంకా తొమ్మిది సెకన్లు. మాస్టారు బలం బలం అని అరుస్తున్నారు. ఆమె అడ్డుగోడ మీదికి వంగి, కుడి మణికట్టుని ఎడమ చేత్తో కదలకుండా నొక్కి పట్టుకుంది.

ఎడమ పాదం ముందుకి జరిగింది. దెబ్బ తగిలిన కాలే వెళ్లింది. వెళ్లిందని చూడటమే తప్ప విన్నవాళ్లు లేరు. ఐదు, నాలుగు. గంట మోగింది.

ఆమె అరిచింది. ఏమని అరిచిందో తర్వాత మిడత అడిగినా చెప్పలేకపోయింది.

శిబిరం బస్సు నాలుగింటికే అన్నారు. మిడత అక్క బట్టలు తర్వాత పంపుతానని ఫోన్లో చెప్పింది. మాస్టారు మెట్ల మీద నిలబడి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఆ ఆఖరి కిక్ చప్పుడుకి స్టేడియం దద్దరిల్లిందని మూడో మనిషికి చెబుతున్నారు.

బస్సులు ఆగే చోట సిమెంటు బెంచీ మీద మిడత కాలు చాపుకుంది. పాదం మీద నిమ్మకాయంత వాచింది. ఆమె క్యాంటీన్‌కి పోయి ప్లాస్టిక్ సంచిలో ఐసు అడిగి తెచ్చి, పక్కన కూర్చుని, దాన్ని పాదం మీద ఆనించి పట్టుకుంది.

"మూడేళ్లు మోసం చేశావు కదత్తా నన్ను" అంది మిడత. ప్యాడ్ అనే మాట లేకుండా ఆ పిల్ల ఆమెని పిలవడం అదే మొదటిసారి.

"నిన్నే ఏంటి, నన్ను నేనే చేసుకున్నాను."

"మరి నాలో అసలు బలం ఉందా, లేదా?"

ఆమె ఐసు కొంచెం పక్కకి జరిపి పాదం చూసింది. "ఉంది కాబట్టే బట్టలు మా ఆయన పిండుతున్నాడు" అంది.

మిడత పగలబడి నవ్వింది. నవ్వుతుంటే పాదం కదిలి అబ్బా అంది. రేపు పొద్దున పిల్లలకి మళ్లీ అలాగే మోగిస్తావా అని అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ప్యాడ్ కదలకుండా పట్టుకుంటానంది. మాస్టారు ఊరుకుంటారా అంటే, ఆయన చెవులు ఆయన చూసుకుంటారంది.

డ్రైవర్ హారన్ కొట్టాడు. మిడత లేచి, చెప్పులో కాలు పట్టక, ఆ చెప్పు చేత్తో పట్టుకుని కుంటుతూ వెళ్లి బస్సెక్కింది. అటువైపు కిటికీ సీటు దొరికినట్టుంది, ఇటు మళ్లీ కనిపించలేదు. బస్సు గేటు దాటి, సిగ్నల్ దగ్గర ఒకసారి ఆగి, ఎడమవైపు తిరిగింది. సాయంత్రం బ్యాచ్ ఐదింటికి. ఆమె తన బస్సు కోసం రోడ్డు దాటింది.

బెంచీ మీద ఐసు సంచి అలాగే ఉంది. పాదం ఆనిన చోట గుంట, అందులో ఇంకా కరగని నాలుగు ముక్కలు, సంచి మూల నుంచి బొట్టు బొట్టుగా సిమెంటు మీద పడుతున్న నీళ్లు.