మొహం లేని మిడ్‌ఫీల్డర్

మా క్లబ్ యజమాని పరుపులు అమ్మి పైకొచ్చినవాడు. అందుకే ఆయన క్లబ్‌లో అందరూ నిద్రపోతుంటారని బయటివాళ్ళు అంటారు. అది అన్యాయం. నిద్రపోయేవాళ్ళ వల్ల ఎవరికీ నష్టం లేదు. మా దగ్గర మేలుకుని ఉండే మనిషి ఒకాయన ఉన్నారు, బాధంతా ఆయనతోనే. ఆయన యజమానిగారి అల్లుడు.

అల్లుడుగారు పెళ్ళికి ముందు ఏం చేసేవారో ఎవరికీ తెలియదు. పెళ్ళయిన మర్నాటి నుంచి మాత్రం ఫుట్‌బాల్ తెలిసినవారయ్యారు. ఏ ఆటగాడిని తేవాలి, ఎవరిని పంపాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నీ ఆయనే చూస్తారు. చూస్తారంటే నిజంగా చూస్తారు. చూడటం వరకు ఆయన్ని తప్పుపట్టలేం.

మా లీగ్‌లో జీతాల పరిమితి అని ఒక రూలుంది. ఒక క్లబ్ తన ఆటగాళ్ళందరికీ కలిపి ఇచ్చే జీతం ఒక గీత దాటకూడదు. యజమాని ఎన్ని లక్షల పరుపులు అమ్మినా సరే, గీత గీతే. కాబట్టి ఆటలు లేని ఎండాకాలంలో జట్టును సర్దుకునేటప్పుడు, ఒకడిని తేవాలంటే ఇంకొకడిని లేపాలి. ఈ సంగతి అల్లుడుగారికి అర్థం కావడానికి కోచ్ మీటింగ్ గదిలో కుర్చీలు జరిపి, మనుషుల్ని కూర్చోబెట్టి, లేపి చూపించాడు. అల్లుడుగారు శ్రద్ధగా చూసి, ఇంకో కుర్చీ తెప్పిస్తే సరిపోతుంది కదా అన్నారు. కోచ్ ఆ రోజు సెలవు పెట్టి ఇంటికెళ్ళిపోయాడు.

నేను ఆ క్లబ్‌లో వీడియోలు కత్తిరిస్తాను. ఆటంతా చూసి, ఒక్కో ఆటగాడి మంచీ చెడూ కలిపి నాలుగు నిమిషాల ముక్క తయారుచేస్తాను. కాలేజీలో మూడేళ్ళు చదివి నేను సంపాదించిన జ్ఞానం, ఎక్కడ కత్తెర వెయ్యాలో తెలియడం.

మా బావ, అంటే అక్క మొగుడు, ఆ జట్టులోనే మిడ్‌ఫీల్డర్. మైదానం మధ్యలో ఉండి అవతలివాళ్ళ దాడి మన గోల్ దాకా రాకుండా తుంచేయడం ఆయన పని. అందుకే జట్టులో ఆయన్ని బ్రేకు అంటారు. ఆ పని బాగా చేసేవాడు ఎవరి కంటా పడడు, ఎందుకంటే జరగాల్సిన ప్రమాదం జరగదు. జరగనిదానికి చప్పట్లు కొట్టేవాళ్ళని నేనింతవరకు చూడలేదు. ఎనిమిదేళ్ళుగా ఆయన ఈ క్లబ్‌లోనే ఉన్నాడు, ఇప్పుడు ముప్పై మూడేళ్ళు. ఫుట్‌బాల్‌లో ముప్పై మూడంటే, బయట లెక్కలో సుమారు నూట పది.

ఈసారి క్లబ్ వద్దంటే ఇంకో క్లబ్ పిలవదు. ఆట అయిపోయినట్టే. ఆ తర్వాత ఏమిటన్నది మా నాన్న ఎప్పుడో తేల్చేశాడు. ఆయనకి టైర్ల షాపుంది. అందులో బావ కోసం కొత్త కుర్చీ కొని, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గల్లాపెట్టె పక్కన వేశాడు. బంతి వెనక పరిగెత్తడం ఆయన దృష్టిలో కుక్కల పని, అదీ జీతం లేని కుక్కల పని. బావ ఆ వీధిలోంచి నడవడమే మానేశాడు. బ్యాంకుకి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి వెళ్తాడు.

ఇంకొక్క సీజన్. బావ కోరుకుంటున్నది అంతే. అది అల్లుడుగారి చేతిలో ఉంది.

అల్లుడుగారు అప్పుడే ఎక్కడో సదస్సుకి వెళ్ళొచ్చారు. అక్కడ ఎవరో ఆయన చెవిలో పువ్వు పెట్టి పంపించారు. మనం ఆటగాడి మొహం చూసి, పేరు విని, వయసు అడిగి మోసపోతున్నామట. అందుకని ఇకనుంచి వీడియోల్లో మొహం ఉండకూడదు, పేరు ఉండకూడదు, చొక్కా రంగు కూడా ఉండకూడదు. బూడిద రంగు మనిషి, వీపు మీద నేను వేసిన అంకె, అంతే. ఎంపిక పూర్తయ్యేదాకా ఆ అంకె ఎవరిదని ఎవరూ అడగకూడదు, నేను చెప్పకూడదు. చెబితే నా ఉద్యోగం పోతుంది. అలా నేను మొహాలు చెరిపే ఉద్యోగిని అయ్యాను. నెల రోజుల్లో నా చేతిలో ఎంతమంది మొహాలు పోయాయంటే, రోడ్డు మీద మొహం ఉన్న మనిషి కనిపిస్తే చెయ్యి లాగేది.

లీగ్‌లో ఉన్న మిడ్‌ఫీల్డర్లందరినీ పెట్టమన్నారు ఆయన. మా క్లబ్ కూడా లీగ్‌లోనే ఉంది. పాయింట్ల పట్టిక చూసినవాళ్ళకి అనుమానం రావచ్చు గానీ, ఉంది. కాబట్టి బావని కూడా పెట్టాను. ఎక్కువ తక్కువలు చెయ్యలేదు, అందరికీ ఇచ్చిన నాలుగు నిమిషాలే ఇచ్చాను. బావ గురించి నేను నోరు తెరిస్తే బావమరిది భజన అంటారు. మొహం లేకుండా చూస్తే ఆ ఆటని ఎవరైనా ఒప్పుకోవాల్సిందేనని నా నమ్మకం. బావ అంకె పదకొండు.

మీటింగ్ యజమానిగారి ఆఫీసులో. అది సగం ఆఫీసు, సగం పరుపుల శాంపిళ్ళ గది. కూర్చునేవి కూడా కంపెనీ సొంత తయారీ కుర్చీలు, కూర్చున్నవాడు మెల్లగా లోపలికి దిగిపోతుంటాడు. గంట గడిచేసరికి కోచ్ భుజాలు మాత్రమే పైకి ఉన్నాయి. అల్లుడుగారు మాత్రం నిలబడి చూశారు. మూడో మనిషిని చూసి పెదవి విరిచారు, అయిదో మనిషి పరుగులో చిత్తశుద్ధి లేదన్నారు, ఎనిమిదో మనిషి నడుము చూసి తనకి చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు గుర్తొచ్చారని తీసెయ్యమన్నారు.

పదకొండు మొదలైంది. బూడిద మనిషి ఎవరూ లేని చోటికి ముందే వెళ్ళి నిలబడ్డాడు, బంతి అక్కడికే వచ్చింది. మళ్ళీ అంతే. మళ్ళీ అంతే. ఎడమ కాలి మేజోడు కిందికి జారుతోంది. ఎనిమిదేళ్ళుగా ఆ మేజోడు జారడం చూస్తున్న కోచ్ కుర్చీలోంచి కష్టపడి పైకి లేచి నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను.

అల్లుడుగారికి కళ్ళు చెమర్చాయి. ఇలాంటివాడు ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడని అడిగారు. ఇక్కడే ఎక్కడో ఉండుంటాడు సార్ అన్నాడు కోచ్. ఇప్పుడు మన బ్రేకుకి ఇచ్చేదానికి రెట్టింపు ఇచ్చయినా సరే పదకొండుని తెచ్చి తీరాలని అల్లుడుగారు ప్రకటించి, అక్కడే నిలబడి మామగారికి ఫోన్ చేశారు. కొత్త మిడ్‌ఫీల్డర్ వస్తున్నాడు, పేపర్లవాళ్ళకి చెప్పెయ్యండి అన్నారు. మామగారు పేరు అడిగినట్టున్నారు. పేరు పాత పద్ధతి మామయ్యా అన్నారు.

అప్పటిదాకా నాకు లోపల టపాకాయలు పేలుతున్నాయి. తర్వాత ఆయన జీతాల గీత గుర్తుచేసుకున్నారు. కుర్చీల పాఠం వృథా పోలేదు. పదకొండుకి చోటు కావాలంటే ఆ ముసలి బ్రేకుని తీసెయ్యాలి, ఇప్పుడే, అన్నారు. ముందు పదకొండు ఎవరో తెలుసుకుందామని కోచ్ అన్నాడు. మొహం తెలిశాక మనసు మెత్తబడుతుంది, ముందే చోటు ఖాళీ చెయ్యాలి, పద్ధతంటే పద్ధతే అని ఆయన ఫోన్ తీశారు.

"సార్, ఆ పదకొండు..." అన్నాను.

ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు. ఇంకో చేత్తో బావ విడుదల నోటీసు లీగ్ ఆఫీసుకి పంపేశారు. పంపి, తృప్తిగా గాలి పీల్చుకున్నారు.

"ఇప్పుడు చెప్పు. ఎవరు వాడు?"

"మా బావ సార్."

"మీ బావెవరు?"

"మీరిప్పుడే తీసేసినాయన."

ఆయన మొహం నేను చెరపకుండానే చెరిగిపోయింది. కోచ్ మళ్ళీ కుర్చీలో కూర్చుని, ఈసారి ఇష్టపూర్వకంగా లోపలికి దిగిపోయాడు.

ఒక క్లబ్ విడుదల చేసిన ఆటగాడిని అదే క్లబ్ ఆ సీజన్‌లో మళ్ళీ తీసుకోకూడదు. జీతం తగ్గించడానికి తీసేసినట్టు నటించి మళ్ళీ తీసుకునే దొంగ తెలివి పూర్వం ఎవరికో వచ్చింది, అందుకని లీగ్ ఆ రూలు పెట్టింది. కావాలని కాకుండా తెలివితక్కువగా చేసేవాళ్ళుంటారని వాళ్ళు ఊహించలేదు. మిగిలిన దారి ఒక్కటే. సాయంత్రం లీగ్ ఆఫీసు మూసేలోగా ఆటగాడు తనంతట తాను నోటీసు రద్దుకి ఒప్పుకుని సంతకం పెట్టాలి.

బావ వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు. అల్లుడుగారు ప్రతి మలుపులో ఆగి, నీకు ముందే చెప్పాలని తెలియదా అని నన్ను తిడుతూ ఎక్కారు. చెబితే ఉద్యోగం పోతుందన్నారు కదా సార్ అని ప్రతి మలుపులో నేనూ గుర్తుచేశాను.

లోపల బావ నేల మీద కూర్చుని కూతురి కాలిగోళ్ళు తీస్తున్నాడు. నోటీసు సంగతి అప్పటికే ఫోన్లో వచ్చేసింది. మనిషి మామూలుగానే ఉన్నాడు గానీ, గోళ్ళు మరీ నెమ్మదిగా తీస్తున్నాడు, ఆ పని అయిపోతే ఇంకో పని లేదన్నట్టు. అక్క స్కూలు పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆ పూట ఆవిడ చేతికి దొరికిన పిల్లలు పాపం ఎవరో.

అల్లుడుగారు సోఫాలో ఆరేసిన తువ్వాళ్ళు జరిపి కూర్చుని, క్లబ్ ఒక కుటుంబం లాంటిదని మొదలుపెట్టారు. అనుభవానికి విలువ ఇవ్వాలని తమకి ఎప్పటినుంచో ఉందన్నారు. ఆ నోటీసు ఒక సాంకేతిక విషయమన్నారు. ఒక్క సంతకం పెడితే పాత జీతానికే, ఒక సీజన్‌కి, అంతా యథాప్రకారం అన్నారు.

బావ కోరుకున్నది అదే. పొద్దున ఎవరైనా ఆ మాట అని ఉంటే కళ్ళకద్దుకునేవాడు. ఇప్పుడు గోళ్ళ కత్తెర కింద పెట్టి అన్నాడు:

"పొద్దున వద్దన్నారు, ఇప్పుడు కావాలంటున్నారు. మధ్యలో నేనేం చేశాను సార్? అన్నం తిన్నాను, అంతే."

"ఏం తిన్నావో సార్‌కి చెప్పు. రేపటినుంచి జట్టంతటికీ అదే పెట్టిస్తారు," అంది అక్క, పేపర్లోంచి తలెత్తకుండా.

నేను ల్యాప్‌టాప్ తెరిచి, పదకొండుని పెట్టి, మీటింగ్‌లో జరిగింది మొత్తం చెప్పేశాను. ఎంపిక పూర్తయింది కాబట్టి చెప్పడానికి రూలు అడ్డం రాదు.

బావ ఆ నాలుగు నిమిషాలూ కదలకుండా చూశాడు. తన ఆటని తను అలా ఎప్పుడూ చూసుకోలేదనుకుంటా. చూసేది ఎప్పుడూ తప్పులే.

"బానే ఆడుతున్నాడు. వీడికెంత ఇద్దామనుకున్నారు?" అన్నాడు చివరికి.

అల్లుడుగారు కిటికీ బయట ఏదో ఆసక్తిగా చూస్తున్నారు. రెట్టింపు అన్నాను నేను.

అది పదకొండుకి అన్నారు అల్లుడుగారు, కిటికీలోంచి వెనక్కి వచ్చి. మీరు వేరు, మీ వయసు వేరు, నా మీద ఒక బాధ్యత ఉంటుంది అన్నారు.

"వాడి వయసెంత?" అని అడిగాడు బావ.

"వాడికి వయసు లేదు," అన్నారు అల్లుడుగారు. ఆ మాటని ఆయన ఎంత గంభీరంగా అన్నారంటే, ఒక్క క్షణం నాకే పదకొండు మీద అసూయ కలిగింది.

తర్వాత అసలు మాట అన్నారు. ఈ వయసులో మిమ్మల్ని ఇంకెవరు తీసుకుంటారో మీరే ఆలోచించుకోండి అని. అది నిజం. గదిలో అందరికీ తెలుసు. అక్క ఎర్ర పెన్ను మూత పెట్టి మొగుడి వైపు చూసింది. సంతకం పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఎవరూ లేని చోటికి ముందే వెళ్ళి నిలబడటం మైదానంలో బాగుంటుంది, బంతి రాకపోయినా ఇంకో దాడి ఉంటుంది. ఇక్కడ ఇంకోటి లేదు.

"అయితే వాణ్ణే తీసుకోండి సార్," అన్నాడు బావ. అని, కూతురి రెండో కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అల్లుడుగారు లేచారు. తలుపు దాకా వెళ్ళారు. వెనక్కి వచ్చి కూర్చున్నారు. గోడ గడియారం చూశారు. తువ్వాలు ఒకటి మడిచారు, బానే మడిచారు, ఆయన చేసిన పనుల్లో వంక పెట్టలేనిది నేను చూసింది అదొక్కటే. అప్పుడు మామగారి ఫోన్ వచ్చింది. పేపరువాళ్ళు ఆఫీసుకొచ్చి కూర్చున్నారట, కొత్తవాడు ఏడీ అంటున్నారట.

"ఇక్కడే ఉన్నాడు మామయ్యా, మాట్లాడుతున్నాను. గట్టివాడు, బేరమాడుతున్నాడు," అన్నారు అల్లుడుగారు, నాలుగడుగుల దూరంలో గోళ్ళు తీస్తున్న గట్టివాడిని చూడకుండా.

ఫోన్ పెట్టేసి నోటీసు రద్దు కాగితం మీద పాత జీతం కొట్టేసి రెట్టింపు రాశారు. బావ చదివి, సీజన్లు కూడా రెండు చెయ్యమన్నాడు. అల్లుడుగారు అదిరిపడి, అప్పటికి మీకు ముప్పై అయిదు నిండుతాయి కదా అన్నారు.

"నాకు నిండుతాయి. పదకొండుకి వయసు లేదుగా," అన్నాడు బావ.

రెండని రాశారు. అక్క ఎర్ర పెన్నే ఇచ్చింది, అల్లుడుగారు నీలం పెన్ను కోసం జేబులు తడుముకుంటుంటే ఇదే చాలు అంది. బావ సంతకం పెట్టాడు. లీగ్ ఆఫీసుకి నేనే పంపాను, అల్లుడుగారి చేతికి ఫోన్ ఇవ్వడం ఆ పూటకి చాలనిపించింది.

ఆయన మెట్లు దిగుతూ మామగారితో అంటున్నది పై దాకా వినిపించింది. నా పద్ధతి పనిచేసింది మామయ్యా, మొహం చూసి ఉంటే ఇతన్ని చచ్చినా తీసుకునేవాణ్ణి కాదు, అంటున్నారు.

అక్క తలుపు మూసింది. బావ నా వైపు తిరిగాడు. రెట్టింపు జీతం వచ్చిన మొహం కాదది.

"ఎనిమిదేళ్ళు వాళ్ళ కళ్ళముందే ఆడాను. నన్ను వాళ్ళకి చూపించడానికి నువ్వు నా మొహం తుడిచెయ్యాల్సి వచ్చిందా?"

మేనకోడలు ల్యాప్‌టాప్ లాక్కుని, నాన్న ఏడీ అని బూడిద మనుషుల్లో వెతుకుతోంది. బావ దాని పక్కన కూర్చుని, వేలు పెట్టి తనని తాను చూపించాడు.