నీళ్ళు నిలిచిన రన్‌వే

ఆమె కెప్టెన్ అయిన ఆరేళ్ళకు గానీ వాళ్ళ నాన్న ఆమె నడిపే విమానం ఎక్కలేదు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. తను బ్రేకు వేస్తే ప్రయాణికుడి కునుకు చెదరకూడదన్నది ఆయన పంతం. నాలుగో వరుసలో కిటికీ పక్కన కూర్చుని, మా అమ్మాయి వెన్నలా దించుతుంది చూడండని పక్కాయనకు అప్పటికే రెండుసార్లు చెప్పాడు.

ముందు కాక్‌పిట్‌లో పరిస్థితి వేరేగా ఉంది. పొద్దుటి నుంచి వాన తెరిపివ్వలేదు. రన్‌వే మీద మూడు మిల్లీమీటర్ల నీళ్ళు నిలిచాయని, అంతకుముందు దిగిన విమానానికి బ్రేకులు ఓ మాదిరిగా పట్టాయని టవర్ చెప్పింది. దిగాక ఆగడానికి ఎంత దూరం కావాలో కో-పైలట్ మళ్ళీ లెక్క కట్టాడు. ఉత్త తడికీ, నిలిచిన నీళ్ళకూ చాలా తేడా. కుదురుతుంది గానీ, బొటాబొటీగా.

"రన్‌వే మొదట్లో ఉన్న తెల్ల గుర్తుల లోపల చక్రాలు తగలకపోతే మళ్ళీ పైకి లేపేస్తాం," అందామె. "అప్పుడిక చర్చల్లేవు. నీకు ముందు అనిపిస్తే నువ్వే చెప్పు."

తీరా నేల దగ్గరికి వచ్చాక ఈదురుగాలి విమానాన్ని ఎత్తి పట్టుకున్నట్టయింది. కింద గుర్తులు ఒక్కొక్కటే వెనక్కి జారిపోతున్నాయి. "గో అరౌండ్," అన్నాడు కో-పైలట్. అతని మాట పూర్తయ్యేసరికే ఆమె చెయ్యి ఇంజన్ల శక్తిని పూర్తిగా పెంచేసింది. విమానం మళ్ళీ పైకి లేచింది. వెనక కొందరు గట్టిగానే విసుక్కున్నారు. ఇంకొక్కసారి ప్రయత్నిస్తామని, కాకపోతే వేరే ఊళ్ళో దిగుతామని ఆమె మైకులో చెప్పింది.

ఇలాంటి చోట సుతారంగా దించితే చక్రాలు నీళ్ళ మీదే తేలిపోతాయి. నీళ్ళను చీల్చి నేలను అందుకోవాలంటే గట్టిగా తగలాలి. రెండోసారి ఆమె గుర్తుల మధ్యనే దబ్బున దించింది. వేగం తగ్గించడానికి రివర్స్‌లో పెట్టిన ఇంజన్లు హోరెత్తాయి. సగం దూరం వెళ్ళాక ముక్కు ఎడమకు జారడం మొదలైంది. భయమేసిందన్న మాట నిజమే. అయినా నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. రివర్స్ తగ్గించి, బ్రేకులు వదిలి, పాదాలతో విమానాన్ని మధ్య గీత మీదికి తెచ్చుకుని, అప్పుడు మళ్ళీ బ్రేకులు అదిమింది. చివరి భాగంలో అవి పట్టీపట్టనట్టున్నాయి. ఆగేసరికి రన్‌వే చివరి దీపాలు లెక్కలో చూపినదానికంటే బాగా దగ్గరగా కనిపించాయి.

బ్రేకులు ఎలా పట్టాయని టవర్ అడిగింది. ముందువాళ్ళలాగే ఓ మాదిరి అని చెబుదామా అన్నాడు కో-పైలట్. ఆమె తల అడ్డంగా ఊపి, చివరి భాగంలో బ్రేకులు దాదాపు పట్టలేదని స్పష్టంగా చెప్పింది. వెనక వస్తున్న మూడు విమానాలను టవర్ ఆపేసి, వేరే ఊళ్ళకు మళ్ళించింది.

ప్రయాణికులు దిగుతుండగానే కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు. ఒక్క మాటతో మూడు విమానాల వాళ్ళను రోడ్డున పడేశారన్నాడు.

"మాకంటే ముందువాళ్ళు దిగినప్పుడు ఎలా ఉందో నాకు తెలీదండీ. నేను దిగినప్పుడు ఇలా ఉంది. కాగితం మీద కూడా ఇదే రాస్తాను," అందామె.

కాసేపటికి రన్‌వే మీద నీళ్ళు కొలవడానికి వెళ్ళిన జీపు కబురు పంపింది. రన్‌వే చివర నీళ్ళు పోయే కాలువ పూడుకుపోయి, నీళ్ళు చెప్పినదానికి రెట్టింపు ఉన్నాయి.

నాన్న నడుం పట్టుకుని కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అంత గట్టిగా ఎందుకు దించాల్సి వచ్చిందో ఆమె చెబుతుంటే అడ్డు రాకుండా విన్నాడు.

"ఓసారి వానలో నా బస్సు వంతెన రెయిలింగు దాకా జారిందమ్మా," అన్నాడు చివరికి. "జనం నిద్రపోతున్నారని ముందుగా బ్రేకు గట్టిగా తొక్కలేదు. మీ అమ్మకు కూడా చెప్పలేదు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ముందు వరుసలో కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుని, రిపోర్టు ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.