ఎడమ బటన్

డబ్బామూతల ప్రెస్సు కింద చిన్నకోడలి ఎడమచేతి వేళ్లు నాలుగు నలిగిపోయిన పదహారో రోజున ఇంటికి ఒక లావుపాటి కవరు వచ్చింది. పోస్టతను తలుపు సందులోంచి తోయబోయి, పట్టకపోయేసరికి గడప మీద పడేసి వెళ్లాడు. పెద్దకోడలు మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చి, చెప్పులైనా విప్పకుండా దాన్ని చింపింది. పైన ఫ్యాక్టరీ వాళ్ల ఉత్తరం. కింద తొంభై పైచిలుకు పేజీల కట్ట. పేజీల నిండా గంటలూ నిమిషాలూ, వాటి పక్కన ఒకట్లూ సున్నాలూ తప్ప ఒక్క మాట లేదు.

ఉత్తరం మాత్రం తేటగానే ఉంది. ప్రెస్సు దిగాలంటే రెండు చేతులతో రెండు బటన్లు నొక్కాలి. ప్రమాదం జరిగిన సాయంత్రం నాలుగూ పదిహేడుకి రెండు బటన్లూ నొక్కి ఉన్నట్టు ప్రెస్సులోని కంప్యూటరు రాసుకుంది. ఎడమ బటన్‌కు రబ్బరు బ్యాండు బిగించి ఉండగా దొరికింది. రక్షణ కోసం పెట్టిన బటన్‌ను కట్టేసిన మనిషి తన గాయానికి తానే బాధ్యురాలు. గురువారం నాటి విచారణలో ఇదే ఖాయమైతే చిన్నకోడలి ఉద్యోగం పోతుంది, ఆస్పత్రి ఖర్చుల బాధ్యత ఫ్యాక్టరీకి ఉండదు. ఇంకా రెండు ఆపరేషన్లు మిగిలే ఉన్నాయి.

"ఏమని ఏడ్చారే?" వంటగదిలోంచి అత్తగారు అడిగింది.

"తప్పు మన పిల్లదేనట."

"వాళ్ల మొహం మండ! వేళ్లూ దీనివే పోయి, తప్పూ దీనిదే అయిందా?"

చిన్నకోడలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా దిండు మీద విడిగా ఉంది.

"బ్యాండు నువ్వు కట్టావా?" పెద్దకోడలు మెల్లగా అడిగింది.

"గుర్తులేదక్కా." ఇటు తిరగలేదు.

ఇద్దరిదీ ఒకే ప్రెస్సు. ఆరు నుంచి రెండు దాకా పెద్దకోడలు, రెండు నుంచి పది దాకా చిన్నకోడలు. మొగుళ్లిద్దరూ లారీల మీద తిరిగే మనుషులు, ఇంట్లో ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బ్యాండు సంగతి ఆ షెడ్డులో తెలియనివాళ్లు లేరు. పదకొండున్నరకి సూపర్‌వైజరు ఒక చుట్టు చుట్టి వెళ్లాడంటే మళ్లీ రెండింటిదాకా అటు తొంగిచూడడు. అతను అలా వెళ్లగానే ఆడవాళ్లందరూ మణికట్టు మీది బ్యాండు తీసి ఎడమ బటన్‌కు బిగిస్తారు. ఇక ఆ బటన్ నొక్కే ఉంటుంది. ఎడమచెయ్యి రేకు పెడుతుంటే కుడిచెయ్యి నొక్కుతుంటుంది. గంటకి నలభై మూతలు ఎక్కువ పడతాయి. రెండు కాబోతుండగా బ్యాండు లాగి మళ్లీ మణికట్టుకు వేసుకుంటారు. పెద్దకోడలూ రోజూ అదే చేసేది. ఆ రోజు కూడా తీసింది. తీస్తుంటే గోరు విరిగినంత పనైనట్టు బాగా గుర్తు.

చిన్నకోడలు మాత్రం ఒట్టి పిరికిది. ఎంత మంది చెప్పినా కట్టేది కాదు. అందుకే రోజూ లెక్క తగ్గి సూపర్‌వైజరు చేత తిట్లు తినేది. ప్రమాదానికి ముందు రోజే వచ్చి ఏడ్చింది కూడా. అలాంటిది కట్టిందంటే పెద్దకోడలికి నమ్మబుద్ధి కాలేదు. ప్రెస్సులోని ఆ కంప్యూటరే ఏదో తప్పు రాసి ఉండాలి.

సోమవారం సాయంత్రం ఆ కట్ట చంకన పెట్టుకుని ప్లగ్గు బాబాయి దగ్గరికి వెళ్లింది. అతను ఒకప్పుడు ఆ ప్రెస్సులకి వైరింగు చేసినవాడు. ఇప్పుడు వీధి మలుపులో మోటార్లు చుట్టుకుంటున్నాడు. చెవి మీద ఎప్పుడూ స్క్రూడ్రైవరు ఉంటుంది, అవసరమైనప్పుడు మాత్రం దాని కోసం కొట్టంతా వెతుకుతాడు.

"బాబాయ్, కంప్యూటరు అబద్ధం చెబుతుందా?"

"దానికంత తెలివెక్కడిదమ్మా? అబద్ధమాడాలంటే ముందు నిజం తెలిసుండాలి."

"మరి తప్పు రాస్తుందా?"

బాబాయి కాగితాలు తిరగేశాడు. "ముందు ఇవి చదవడం నేర్చుకో, తర్వాత పోట్లాడుదువుగాని. ఊరికే అరిచావంటే మేనేజరు నవ్వి పంపించేస్తాడు. కూర్చో."

చెక్క మీద ఒక బల్బూ రెండు స్విచ్చులూ బిగించాడు. ఒకే తీగ మొదటి స్విచ్చులోంచి రెండో దానిలోకి, అక్కణ్నుంచి బల్బుకి వెళుతోంది. ఒకటి వేస్తే బల్బు వెలగలేదు. రెండోది వేస్తేనే వెలిగింది.

"రెండూ ఉంటేనే. నీ ప్రెస్సు ఇదే." తీగలు విప్పి, రెండు స్విచ్చులకీ రెండు వేరు దారులు కట్టాడు. ఇప్పుడు ఏది వేసినా వెలిగింది. "ఏదో ఒకటి చాలు. మీ ఇంటి కాలింగ్ బెల్లు, ముందు గుమ్మంలో నొక్కినా, వెనక గుమ్మంలో నొక్కినా మోగదూ, అలాగ." మూడోసారి, స్విచ్చు వేస్తే ఆరిపోయి, తీస్తే వెలిగేలా తిప్పి కట్టాడు. "ఇది తిరకాసు. ఈ మూడూ వచ్చినవాడికి కంప్యూటరు వచ్చినట్టే. నీ ఫోనులో ఉన్నవీ ఈ స్విచ్చులే. గోరంత చోట కోట్ల కొద్దీ ఉంటాయి. వాటిని వేలితో నొక్కక్కర్లేదు. ఒకదాని కరెంటు వెళ్లి ఇంకోదాన్ని నొక్కుతుంది."

"మరి ఒకట్లూ సున్నాలూ?"

"లోపల ఏ అంకే ఉండదు. కరెంటుంటే ఒకటి అనుకుందాం, లేకపోతే సున్నా అనుకుందాం అని మనం పెట్టుకున్న పేర్లవి."

నాలుగు బల్బులు వరసగా పెట్టి, వాటికి ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి అని విలువలు చెప్పాడు. వెలిగినవి కూడుకోమన్నాడు. పెద్దకోడలు మూతలు లెక్కపెట్టే మనిషి. రెండు తప్పులు పోయాక మూడోసారి నుంచి బల్బు వెలగడమే ఆలస్యం, "పదమూడు", "ఆరు", "పదకొండు" అని చెప్పేస్తోంది.

"అబ్బో, మేనేజరు కుర్చీ ఖాళీ చెయ్యాల్సిందే" అన్నాడు బాబాయి. ఆమెకు నవ్వు రాలేదు.

మంగళవారం ఒక చిన్న డబ్బాలాంటిది పెట్టాడు. దాని బటన్ నొక్కి వదిలేస్తే బల్బు ఆరలేదు.

"వేలు తీసేశావుగా, ఇంకా ఎందుకు వెలుగుతోంది?"

ఆమె తీగ వెంట కళ్లతో నడిచింది. చాలాసేపు పట్టింది. "దాని కరెంటే వెనక్కి వచ్చి దాన్ని నొక్కి పట్టుకుంది."

"భేష్. జ్ఞాపకమంటే అదే. ఎవరో వచ్చి తీసేదాకా, కరెంటు పోయేదాకా అలాగే ఉంటుంది. మనలా నిన్నటిదీ మొన్నటిదీ కలిపేసుకోదు."

తర్వాత ఒక కాగితం మీద ఐదు వరసలు రాసి ఆమె చేతిలో పెట్టాడు. ఎడమ చూడు. కుడి చూడు. రెండూ ఒకటైతే ప్రెస్సు దించు, కాకపోతే ఎత్తు. ఇందాకటికీ ఇప్పటికీ తేడా ఉంటే టైముతో సహా రాయి. మళ్లీ మొదటికి వెళ్లు.

"నువ్వే కంప్యూటరువి. నేను టక్కుమన్నప్పుడల్లా ఒక వరస చెయ్యి. సొంత తెలివి వాడావంటే ఊరుకోను."

టక్. ఎడమ చూసింది. టక్. కుడి చూసింది. టక్. బల్బు వెలిగించింది. టక్. రాసింది. కాసేపటికి బాబాయి ఎడమ స్విచ్చుకు టేపు అంటించి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. టక్. ఆమె ఒకటి అని రాసింది.

"నా చెయ్యి అక్కడ లేదుగా? ఒకటని ఎలా రాశావు?"

"కరెంటు వచ్చింది కదా."

"మరి చెయ్యి?"

"చెయ్యి చూడమని ఇందులో రాసి లేదు" అంది పెద్దకోడలు. అని, పెన్సిలు కింద పెట్టేసింది. ఇన్నేళ్లూ తాను ఎదురుగా కూర్చున్న ఆ యంత్రానికి తన చేతులు ఎప్పుడూ కనబడలేదు. అది చూసింది రెండు తీగల్ని.

బుధవారం కట్ట విప్పారు. వరసకి మూడంకెలు. మొదటిది ఎడమ బటన్, రెండోది కుడి, మూడోది ప్రెస్సు. చిట్టచివరి వరస నాలుగూ పదిహేడు, ఒకటి ఒకటి ఒకటి. ఆ వరస కింద ఫ్యాక్టరీ వాళ్లు ఎర్రగీత కొట్టారు.

"వీళ్లు ఇదొక్కటే చూశారు" అంది. "కట్టి ఉందని ఇది చెబుతోంది. ఎప్పుడు కట్టారో పైన ఉంటుంది కదా? మొదటి అంకె సున్నా నుంచి ఒకటి అయిన చోట?"

"వెతుకు మరి."

ఆమె వేలు పైకి పాకింది. రెండో అంకె ఒకటీ సున్నా, ఒకటీ సున్నా అని ఊగుతోంది. మొదటిది మాత్రం కదలకుండా ఒకటే. నాలుగు గంటలు. మూడున్నర. మూడు. పేజీలు తిరుగుతున్నాయి. రెండున్నర కూడా దాటింది. ఆమె గొంతులో సంతోషం లాంటిది లేచింది. "బాబాయ్, రెండు గంటలప్పుడు కూడా ఒకటే ఉంది! మన పిల్ల వచ్చి కూర్చునేటప్పటికే కట్టి ఉంది. అది కట్టలేదు. చూడు, రెండుకి ముందు కూడా..."

అక్కడ మాట ఆగిపోయింది.

బాబాయి చెవి మీది స్క్రూడ్రైవరు తీసి, దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. "రెండుకి ముందు ఆ ప్రెస్సు మీద ఎవరుంటారు?" అని అడగలేదు.

ఆమె మాత్రం ఆపలేదు. వేలు ఇంకా పైకి వెళ్లింది. ఒంటిగంట. పన్నెండు. పదకొండు నలభై: ఒకటి సున్నా సున్నా. దాని పైవరస సున్నా సున్నా సున్నా.

తీసినట్టు గుర్తున్న ఆ జ్ఞాపకాన్ని మళ్లీ బయటికి తీసి చూసుకుంది. గోరు విరగబోయింది నిజమే. అది ఏ రోజు? తీసిన రోజులు వందల కొద్దీ ఉన్నాయి. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే రోజైపోయాయి. ఆ రోజు చిన్నకోడలు పావుగంట ముందే వచ్చింది. బస్సు దొరుకుతుందని తాను గబగబా లేచి చోటిచ్చింది. అంతవరకే నిజంగా గుర్తుంది.

"ఈ కాగితాలు చదవగలిగేవాళ్లు ఆ ఫ్యాక్టరీలో లేరు" అన్నాడు బాబాయి. "చివరి వరస తప్ప ఎవరూ చూడరు. నేనూ ఏమీ చూడలేదు."

ఆ రాత్రి ఆమె చిన్నకోడలికి అన్నం కలిపి ముద్దలు పెట్టింది. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ నీళ్లు కావాలా అని అడిగింది.

విచారణకు కార్మికశాఖ నుంచి వచ్చిన అధికారిణి కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని రాసుకుపోతోంది. మేనేజరు ఎర్రగీత ఉన్న పేజీ చూపించి, రెండు నిమిషాల్లో ముగించాడు.

"ఏమైనా చెప్పుకుంటావా అమ్మా?"

చిన్నకోడలు తల అడ్డంగా ఊపింది. వెనక బెంచీ మీంచి పెద్దకోడలు లేచింది. "నేను చెబుతానండీ. మిగతా పేజీలు కూడా చూడాలి."

"ఈవిడ మూతల ప్రెస్సు మనిషండీ" అన్నాడు మేనేజరు. "కంప్యూటరు గురించి ఈవిడకేం తెలుసు?"

"మీరు చెప్పండి సార్ అయితే. మొదటి అంకె ఏమిటి?"

మేనేజరు పక్కనున్న గుమస్తా వైపు చూశాడు. గుమస్తా కిటికీ వైపు చూశాడు.

ఆమె బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా, రేకులు పేర్చినంత జాగ్రత్తగా చెప్పుకుంటూ పోయింది. ఒకటి అంటే తీగలో కరెంటు ఉందని, చెయ్యి ఉందని కాదు. మార్పు వస్తేనే కొత్త వరస పడుతుంది. ఎడమ అంకె ఒకటై మళ్లీ సున్నా కాలేదంటే మధ్యలో ఎవరూ విప్పలేదని. అధికారిణి కలం పక్కన పెట్టి, తానే పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. అవతలి షెడ్డులో ప్రెస్సులు దబ్బుదబ్బున పడుతున్నాయి.

"పదకొండు నలభై" అందావిడ చివరికి. "అప్పుడు ఆ ప్రెస్సు మీద ఎవరున్నారు?"

"నేనే కట్టానండీ!" చిన్నకోడలు గబుక్కున లేచింది. "నేనే. ఆవిడకేం సంబంధం లేదు."

"మీరు రెండింటికి వచ్చారు కదమ్మా."

"అయినా నేనే."

అధికారిణి కాగితం వైపు చూసింది, ఆ పిల్ల వైపు చూసింది. కాగితాన్నే నమ్మింది.

"నేనున్నానండీ" అంది పెద్దకోడలు. "కట్టింది నేను. విప్పనిది నేనే."

మధ్యాహ్నానికల్లా రెండు కాగితాలు చేతికొచ్చాయి. ఒకదాని ప్రకారం గాయానికి చిన్నకోడలు బాధ్యురాలు కాదు, ఆస్పత్రి బాధ్యత ఫ్యాక్టరీదే. రెండోది పెద్దకోడలిని ఆ రోజు నుంచే పనిలోంచి తీసేసింది. కేసు పెట్టేదీ లేనిదీ తర్వాత చెబుతారట. షెడ్డు తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ఆడవాళ్లలో ఒక్కరూ పలకరించలేదు. వాళ్ల బ్యాండ్లన్నీ సూపర్‌వైజరు అప్పటికే ఒక డబ్బాలో పోగేస్తున్నాడు.

ఇద్దరూ గేటు దాటి బస్టాపు వైపు నడిచారు.

"నేను వచ్చేసరికే అది కట్టి ఉంది" అంది చిన్నకోడలు. "చూశాను."

"చూస్తే మరి... తీసెయ్యలేకపోయావా?"

"ముందు రోజు లెక్క తగ్గిందని ఏడ్చాను కదా. నాకోసం ఉంచావనుకున్నాను." శాలువా కింద కట్టు చెయ్యి సర్దుకుంది. "ఆస్పత్రిలో అదే అనుకుంటూ పడుకున్నాను. అక్క నా మంచికే చేసింది, ఎవరడిగినా బయట పెట్టకూడదు అని. అలా అనుకుంటే కొంచెం నొప్పి తగ్గేది."

పెద్దకోడలు నడక ఆపేసింది.

"నాకోసమే కదక్కా?"

అవునంటే సరిపోతుంది. కాదని చెప్పే వరస ఏ పేజీలోనూ లేదు. ఎదురుగా ఆ పిల్ల కళ్లు ఆ ఒక్క మాట కోసం వేచి ఉన్నాయి.

"మరిచిపోయాను" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు తల ఊపింది. ఇంకేదైనా వస్తుందేమో అన్నట్టు కొంతసేపు నిలబడింది. తర్వాత బస్సు కోసం ఆగకుండా, ఇంటివైపు ఒక్కతే నడవడం మొదలుపెట్టింది.