అట్ట చూపని నవల

ఆదివారం వచ్చిందంటే మా డిగ్రీ స్నేహితురాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే పని. ఎవరు ఏ నవల చదువుతున్నారో చెప్పాలి, ఎందుకు నచ్చిందో చెప్పాలి, పుస్తకం అట్ట మీద బొటనవేలు పెట్టి ఫోటో పంపాలి. వేలి నిబంధన నేను పెట్టిందే. అంతకుముందు మేఘి నెల రోజులు ఒక నవల గురించి కన్నీళ్లతో చెప్పింది. తీరా చూస్తే అది వాళ్లింట్లో రోజూ వచ్చే టీవీ సీరియల్. ఆమెను గ్రూపులోంచి తీసేశాం. బాధపడుతూనే తీసేశాం, కాస్త నవ్వాపుకుంటూ.

ఎల్లారెడ్డిలో ఉండే సాయిలత మాత్రం ఒక్కసారీ అట్ట చూపలేదు.

"అట్ట చినిగిందే ఉమా" అని ఒక వారం. "పుస్తకం మా అత్తమ్మ తాన ఉన్నది" అని ఇంకో వారం. కథ మాత్రం తప్పకుండా పంపేది. ఆ కథలో కళ అనే ఇల్లాలు ఉంది. ఆమె నవలలు చదివితే మొగుడు సణుగుతాడు. అందుకని పుస్తకాలను కవర్లో చుట్టి బియ్యం డ్రమ్ములో పాతిపెడుతుంది. తర్వాతేమైంది, తర్వాతేమైంది అని గ్రూపులో అందరూ ప్రాణం తీశారు. నేను లేచి వెళ్లి మా బియ్యం డ్రమ్ము మూత సరిగ్గా ఉందో లేదో చూసొచ్చాను.

ఆ డ్రమ్ము మాది మరి. పుస్తకాలు నావి. ఆ సంగతి సాయిలతకు ఒక్కదానికే చెప్పాను. మా ఆయన మహేందర్‌కు తెలియదు. "బియ్యంల పుస్తకాల వాసనేంది?" అని అప్పుడప్పుడు అడుగుతాడు. తప్పు రైసు మిల్లు మీదికి నెడుతుంటాను.

సాయిలత చదువుతున్నది నవల కాదు, నన్ను. నా అనుమానం ఇదీ. రుజువైతే మేఘి వెళ్లిన దారిలోనే ఆమె కూడా.

బుధవారం పంటి డాక్టరు దగ్గరికని చెప్పి కామారెడ్డిలో బస్సెక్కాను. తాడ్వాయి దాటేదాకా నిలబడే ఉన్నాను. సీటు దొరికాక, ఏమేం అడగాలో వరుసగా అనుకున్నాను. ఎల్లారెడ్డిలో దిగేసరికి పదకొండు ప్రశ్నలు తయారయ్యాయి.

ఒక్కటీ అడిగే వీలు దొరకలేదు. సాయిలత ఇంటి అరుగు మీద ఐదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. తునికాకు కత్తిరించే చప్పుడు తప్ప మాట లేదు. మధ్యలో సాయిలత. చేతిలో పేపరు అట్ట వేసిన లావు పుస్తకం. పైకి చదువుతోంది. నన్ను చూసి గొంతు ఒక్కసారి తడబడింది కానీ ఆగలేదు.

"ఎవలు బిడ్డా నువ్వు?" అంది వాళ్ల అత్త ఎంకవ్వ.

"సాయిలతతోని చదువుకున్న అవ్వా. కామారెడ్డికెల్లి వచ్చిన."

"అయితె కూసో. నడుమల మాట్లాడకు."

కూర్చున్నాను. సాయిలత పేజీ తిప్పినప్పుడల్లా ఒక్కొక్కరు ఇన్ని బీడీలు తీసి ఆమె ముందున్న చాటలో వేస్తున్నారు. ఎందుకని మెల్లగా అడిగాను.

"చదివెటామెకు చేతులు ఖాళీ ఉండయి గద. ఆమె వంతు మేం చేస్తం" అంది ఎంకవ్వ.

"ఉత్త ముచ్చట చెప్పినా చేస్తరా?"

"ముచ్చటకెందుకు చేస్తం? ముచ్చట నా నోట్లె లేదా? పుస్తకమైతెనే."

నేను సాయిలత కళ్లు చూశాను. అవి వరుస వెంట నడవడం లేదు. పేజీ మధ్యలో ఈగ వాలినట్టు ఒకేచోట ఉన్నాయి. నా అనుమానానికి పక్కన ఇంకో అనుమానం పుట్టేలోపల ఎంకవ్వ కత్తెర ఆపింది.

"ఆగు పిల్లా. కళ మొగడు పోస్టాఫీసుల చేస్తడంటివి మొన్న. ఇయ్యాల కరెంటాఫీసంటున్నవు."

"బదిలీ అయిండు అత్తమ్మా."

"పోస్టాఫీసుకెల్లి కరెంటాఫీసుకా?"

కత్తెరలన్నీ ఆగిపోయాయి.

"నాకు నాలుగొద్దుల సంది అనుమానమే" అంది ఎంకవ్వ. "ఈ బిడ్డ చదువుకున్నది. ఆమెకియ్యి పుస్తకం. రాసి ఉన్నదో లేదో చెప్తది. లేకుంటె ఎవల బీడీలు వాళ్లం తీసుకుంటం. రేపటి నుంచి నీ బీడీలు నువ్వే చేసుకో."

సాయిలత పుస్తకం నాకిచ్చింది. అంటే, ఇవ్వలేదు. నేనే కొంచెం లాగవలసి వచ్చింది.

తెరిచాను. డిగ్రీ రెండో సంవత్సరం అర్థశాస్త్రం. డిమాండు రేఖ పైనుంచి కిందికి జారుతోంది. మొదటి పేజీకి తిప్పితే, నా చేతిరాతతో నా పేరు. పరీక్షల ముందు పోయిన పుస్తకం. పద్నాలుగేళ్ల కింద "ఒట్టు, నేను చూడలే" అని నా నెత్తి మీద చేయి పెట్టి మరీ చెప్పింది సాయిలత. ఆ పేపరులో నాకు ముప్పై ఆరు మార్కులు.

నేను వచ్చింది రుజువు కోసం. రుజువు నా ఒళ్లోనే ఉంది. సాయిలత నన్ను చూడడం లేదు, బీడీల చాటను చూస్తోంది. ఆమె వేళ్ల సంగతి నాకు తెలుసు. కాలేజీలో ఆమె వేసుకున్న జడ రెండో పీరియడ్‌కే ఊడిపోయేది. ఆ చేతులతో బీడీకి దారం చుడితే నిలుస్తుందా?

"ఉన్నదవ్వా" అన్నాను. "కరెంటాఫీసనే ఉన్నది. రాసినాయనకే యాది లేనట్టున్నది."

"గట్లనా? అయితె జర నువ్వు చదువు."

ఇది అనుకోలేదు. డిమాండు రేఖ మీద వేలు పెట్టాను. "'కళకు కాలేజీలో ఒక స్నేహితురాలు ఉండేది. ఆమె కళ పుస్తకాన్ని దొంగిలించి, చూడలేదని ఒట్టు పెట్టింది.'"

సాయిలతకు దగ్గు వచ్చింది.

"థూ, దాని బతుకు!" అంది ఎంకవ్వ. "తర్వాత?"

పేజీ తిప్పాను. నా ముందు నాలుగు బీడీలు పడ్డాయి. "'కళకు అంతా తెలిసిపోయింది. ఒకరోజు బస్సెక్కి ఆమె ఊరికి వచ్చింది.'"

"కొట్టిందా?"

"అది రేపు అత్తమ్మా!" అంటూ సాయిలత పుస్తకం లాక్కుంది. "చాయ పెడత."

వంటింట్లో చక్కెర వేస్తూ గుసగుసగా చెప్పింది. "నా తాన మూడే నవలలుండె. అయిపోయినయి. ఇంకోటి చదువుమని పానం తీసిండ్రు. ఇగ మొదలు మన గ్రూపుల ఏస్తున్న. మీరు తర్వాతేంది అంటె తెల్లారి వీళ్లకు చెప్తున్న."

"నా బియ్యం డ్రమ్ము?"

"గదే అందరికి మస్తు నచ్చిందే."

"నా పుస్తకం?"

"ఇస్త. కథ అయిపోనీ."

బయల్దేరేటప్పుడు ఎంకవ్వ నా వంతు బీడీలు కాగితంలో కట్టిచ్చింది. వద్దంటే చదవనట్టే అవుతుంది. సంచిలో వేసుకున్నాను.

ఆదివారం గ్రూపులో అందరికంటే ముందు నేనే పెట్టాను. 'సాయిలత చదువుతున్న నవలే నేనూ చదువుతున్నా. చాలా బాగుంది.'

'వేలేది?' అని ఎవరో అడిగారు.

'అట్ట చినిగింది' అని రాశాను.

ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. మేఘిని తీసేసే ముందు నేను పాటించిందే. ఫోన్ చూస్తూ కూర్చుంటే వంటింట్లోంచి మహేందర్ పిలిచాడు.

"ఉమా! ఇయ్యాల బియ్యంల తంబాకు వాసనేంది?"