రాతి పడవలో చివరివాడు

నా చిన్నతనంలో మా నాన్న యాల్మార్ చేతికి ఎర్ర రంగు అంటని వసంతం లేదు. మంచు కరగ్గానే సన్న కుంచె పట్టుకుని మా ఊరి బండ మీదికి ఎక్కేవాడు. మూడు వేల ఏళ్ళ కిందట ఎవరో ఆ బండ మీద ఒక పడవనూ, అందులో తెడ్లేసే మనుషులనూ చెక్కారు. ఆ గీతలు మామూలుగా కంటికి ఆనవు. చూడవచ్చేవాళ్ళకు కనబడేలా వాటిలో రంగు నింపడం నాన్న పని. పడవ వెనక కొసన, అందరికంటే పొట్టిగా, చెయ్యెత్తి నిలబడినవాడంటే నాకు ప్రాణం. వాడి కోసమే ఈ చదువు చదివి, ఈ బండలను కాపాడే ఉద్యోగంలో చేరాను.

తీరా చేరాక నాన్న చేతిలోంచి కుంచె లాక్కోవలసింది నేనే అయింది. రంగు పెచ్చులూడేటప్పుడు రాతి రేణువులను కూడా పట్టుకుపోతోందని తేలింది. ఇక రంగు వెయ్యొద్దన్నాను. నాన్న కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నాడు.

తర్వాత కొత్త రకం కెమెరాతో బండనంతా కొలిచారు. నాతో పనిచేసే తూవా ఆ చిత్రాలు చూపించి, "గున్‌వోర్, ఈ చివరివాడి కింద చెక్కిన గీతే లేదు. వట్టి రంగే," అంది. నేను నమ్మక మళ్ళీ కొలిపించాను. అదే తేలింది.

ఆ ఆదివారం కాఫీ పోస్తూ నాన్నను అడిగాను.

"ఈవార్ పోయిన మరుసటి వసంతంలో వేశాను," అన్నాడు కప్పులోకి చూస్తూ.

ఈవార్ మా అన్న. చేపల వేటకు వెళ్ళాడు. పడవా దొరకలేదు, వాడూ దొరకలేదు. నాకప్పటికి ఊహ తెలియదు.

"రంగేసుకుంటూ పోతుంటే ఆ కొసన కాస్త ఖాళీ కనబడింది. చెయ్యి ఆగలేదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "వాణ్ణి బడి పుస్తకాల్లో వేశారు నాన్నా. ఎక్కడెక్కడినుంచో వచ్చి చూసిపోతున్నారు. నేను నా బతుకంతా..." ఏడుపొచ్చి ఆగిపోయాను.

"అయితే గీకెయ్యి."

"గీకితే రాయి లేచొస్తుంది. ఉంచితే అబద్ధం. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

నాన్న కప్పు పక్కన పెట్టాడు.

"రాయినేం చెయ్యకు. దాని తప్పేముంది? వాడు నా కొడుకని నేనే చెప్పుకుంటాలే. రంగంటావా, వానలున్నాయిగా, అవే చూసుకుంటాయి."

అన్నంత పనీ చేశాడు. బండ దగ్గరికి ఎవరొచ్చినా టోపీ తీసి, "ఆ చివరివాడు పాతకాలంవాడు కాదండీ. మా ఈవార్. గీసింది నేను," అనేవాడు. కొందరు నవ్వారు. ఒకాయన దొంగముసలాడని తిట్టి పోయాడు. నాన్న ఆ తర్వాత వచ్చినవాళ్ళకూ అదే చెప్పాడు.

ఏళ్ళు గడిచాయి. బొమ్మకు ముందు చెయ్యి పోయింది, తర్వాత కాళ్ళు. నాన్న చూపు కూడా తగ్గుతూ వచ్చింది.

ఈ వసంతంలో ఒక పొద్దున చెయ్యి పట్టుకుని ఆయన్ను బండ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏటవాలు ఎండకు గీతలు తేలి కనబడుతున్నాయి. నాన్న వంగి చూశాడు. ఏమీ ఆనలేదు.

"ఉన్నాడా?"

ఉన్నాడు అనే మాట నోటిదాకా వచ్చింది.

"లేడు నాన్నా."

"మరి పడవ?"

"పడవ బాగుంది. ఒక్క గీత చెదరలేదు."

నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పోన్లే, ఈసారి పడవైనా దక్కింది," అన్నాడు.