నాకు బొట్టు పెట్టిన రోజు

నేను ఒక డబ్బాను. చూడ్డానికి పాలక్యానులా ఉంటాను. నా కడుపులో ద్రవ నత్రజని, ఆ చలిలో గడ్డకట్టించి దాచిన ఆడవాళ్ళ అండాలు. చలి జారిపోకుండా నాకు జంట గోడలు కట్టారు. మొదట బెంగళూరులో ఒక ఆసుపత్రికి చాకిరీ చేశాను. పాతబడ్డానని వాళ్ళు వదిలించుకుంటే, గుంటూరులో ఒక సంతాన సాఫల్య కేంద్రం వాళ్ళు తెచ్చుకుని పైన కొత్త స్టిక్కరు అంటించారు. వంకాయను కూడా తిప్పి తిప్పి చూసి కొనే మనుషులు, నన్ను మాత్రం స్టిక్కరు చూసి నమ్మారు.

శాంభవికి అప్పటికి పెళ్ళి కాలేదు. రొమ్ము క్యాన్సర్. మందులు మొదలుపెడితే ఇక పిల్లలు పుట్టరేమోనని ముందే అండాలు తీయించి నాలో పెట్టించింది. బతిమాలి మరీ ల్యాబులోకి వచ్చి, నా మీద చెయ్యేసి “జాగ్రత్తమ్మా” అంది. నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. జబ్బు నయమైంది. అన్నీ తెలిసే కిరీటి ఆమెను పెళ్ళి చేసుకున్నాడు.

ఆ దసరాకు ల్యాబులో ఆయుధపూజ చేశారు. మైక్రోస్కోపుకు పసుపు రాశారు, నాకు కుంకుమబొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. అమ్మవారి పటానికి సీరియల్ లైట్లు పెట్టడానికి ప్లగ్గు ఖాళీ లేకపోతే, నాలో నత్రజని తగ్గితే మోగే అలారం వైరు పీకేశారు. కొబ్బరికాయ కొట్టి, చక్కెరపొంగలి తిని, తాళం వేసుకుని సెలవులకు వెళ్ళిపోయారు. నా పాత గోడ ఆ సెలవుల్లోనే చిట్లింది. నత్రజని అంతా ఆవిరైపోతుంటే అరుద్దామన్నా నాకున్న గొంతు ఆ అలారమే కదా!

సెలవులయ్యాక ల్యాబు ఇన్‌ఛార్జి భుజంగరావు మూత తీసి చూసి, పరుగున డాక్టరు గారిని పిలుచుకొచ్చాడు.

“అన్నీ పోయాయి మేడమ్. అండాలు దాచుకున్నవాళ్ళకి చెప్పేద్దామా?”

“ఏమని చెప్తావయ్యా? పూజ చేసి చంపామనా? నోరు మూసుకుని వేరే క్యానులోకి మార్చెయ్. కరిగించాక కొన్ని బతకవని ముందే చెప్పాంగా.”

నన్ను పాత సామాన్లవాడి కోసం డాక్టరు గది గుమ్మం పక్కన పడేశారు. శాంభవి, కిరీటి ఎంతో ఆశగా వచ్చిన రోజు కూడా అక్కడే ఉన్నాను.

“మీ అండాలే కాస్త బలహీనమమ్మా, కరిగించగానే పోయాయి. మా ప్రయత్నం మేం చేశాం,” డాక్టరు గారి గొంతు వెన్నలా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

శాంభవి భర్త వైపు తిరిగి, “తప్పు నాదే కిరీటీ, నన్ను క్షమించు,” అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచింది.

“ఇన్నేళ్ళూ మీరు కళ్ళలో పెట్టుకుని కాపాడారు మేడమ్. నా రాతే బాలేదు,” అంటూ వంగి డాక్టరు గారి పాదాలకు దండం పెట్టింది.

ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.